మావ వాకిట్లో ఎడంపక్క పచ్చిక

నా బుర్రలో ఉన్నది గడ్డేనని మా లెక్కల మేష్టారు ఎనిమిదో తరగతిలోనే తేల్చేశారు. పెద్దాయన మాట మీద గౌరవం కొద్దీ ఆ ఏడే బడి మానేశాను. అరవై దాటాక ఇప్పుడు అద్దంలో చూసుకుంటుంటే ఆయన ఆ ఒక్క లెక్కా తప్పు చేశారేమోనని అనుమానం వస్తోంది. లోపల నిజంగా గడ్డే ఉంటే, ఇన్నేళ్ళలో పైకి ఒక్క పరకైనా మొలవాలి కదా! నడినెత్తి చూస్తే కళ్ళం చేసి అలికినట్టుంటుంది. ఇంటి ముందు చూస్తే సిమెంటు. మొత్తానికి గడ్డికీ నాకూ జాతకాలు కలవలేదు. కలిసినవాడు ఒకడున్నాడు. వాడి పేరు సూర్రావు. వాడి గురించి మంచిగా రాయాలనే కూర్చున్నాను గానీ, నా చేత అవుతుందని నమ్మకం లేదు.

శివరాత్రి వెళ్ళి, పొద్దుటి మంచు పల్చబడి, మామిడి పూత పిందెకి తిరిగే రోజుల్లో నేనూ మా ఆవిడ సత్యవతీ సూర్రావు కొత్తింటికి వెళ్ళాం. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరై, ఎచ్చెర్ల దగ్గర రోడ్డుకి కాస్త లోపలగా ఇల్లు కట్టుకున్నాడు. గేటు తీయగానే కనపడింది పచ్చిక. ఎలా ఉందంటే, పెళ్ళికొడుకు తల మీద నూనె రాసి దువ్వినట్టుంది. మధ్యలో సూర్రావు మోకాళ్ళ కింద దిండేసుకుని, చేతిలో మట్టి పెళ్ళగించే సన్నటి బొరిగె పట్టుకుని, దేనికోసమో వెతుకుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. 'రారా అప్పన్నా, సెప్పులు అక్కడిప్పీ' అన్నాడు. 'ఏటి, లోపల గుడి గాని కట్టినావేటి?' అన్నాను. 'నిన్న సాయంత్రమే ఎరువేసి తడిపేను. తొక్కితే తొక్కు గాని సెప్పుల్తో తొక్కకు' అన్నాడు. నేను తొక్కుదామా వద్దా అని ఆలోచిస్తుండగానే సత్యవతి చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, పచ్చిక మీదికి వెళ్ళిపోయింది. 'ఓలమ్మ! ఎంత మెత్తగున్నాది బావా!' అంది.

ఆ 'బావా' నాకు కాదు. నాకా పిలుపు పెళ్ళైన రోజుతోనే పోయింది. అప్పట్నుంచీ నేను 'ఏటయ్యా'ని, 'ఇదిగో'ని, మరీ కోపమొస్తే 'మీ నాన్న'ని. ఆమెని పెళ్ళి చేసుకోని పాపానికి సూర్రావు మాత్రం ఈనాటికీ బావగానే ఉండిపోయాడు. ఎదుటివాడు పచ్చగా ఉంటే ఓర్వలేడు అని మనవాళ్ళు అంటుంటారు చూశారా, అది ఏదో మాటవరసకి అంటారనుకునేవాణ్ణి. ఆ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని, అది అక్షరాలా నిజమని తెలుసుకున్నాను. పైగా ఆ ఏడుపు ఆరోజు పుట్టింది కాదు. దాని వేరు బొబ్బిలిలో, మా మావ వాకిట్లో ఉంది. తుంగ గడ్డలాంటిది. పైన పీకినకొద్దీ కింద గడ్డ భద్రంగా ఉంటుంది.

మావంటే మా అమ్మకి తమ్ముడు. బొబ్బిలిలో కోటకెళ్ళే దారిలో ఎరువుల కొట్టు. ముందు గది కొట్టు, వెనక ఇల్లు, ఇంకా వెనక పశువుల సాల, నుయ్యి. కొట్టు గుమ్మం వీధి మీదకి ఉంటే, ఇంటి గుమ్మం పక్క వాకిట్లోకి తెరుచుకునేది. బడి మానేసిన నన్ను అమ్మ తీసుకొచ్చి అక్కడ దింపింది. ఆ ఇంట్లో అన్నిటికీ ఎరువు బస్తా వాసనే. తెల్లారి లేస్తే అమోనియా ఘాటు ముక్కులో దూరి, ఏడవకుండానే కళ్ళు తుడుచుకునేవాళ్ళం. వెనకనుంచి అత్త వండే చోడి అంబలి, అదే రాగి జావ, వాసన, వీణలు చేసే వాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్న పనసకర్ర రంపంపొట్టు పొయ్యిలో కాలుతున్న తియ్యటి వాసన. ఈ మూడూ కలిస్తే మావ ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా యూరియా బస్తా విప్పితే నాకు ఆకలేస్తుంది.

మావకి కొన్ని అలవాట్లుండేవి. బస్తా మూతికి కుట్టిన దారాన్ని ఒక చివర పట్టి ఒక్క లాగుతో మొత్తం ఊడదీసేవాడు. అది సర్రున ఊడితే ఆరోజు బేరం బాగుంటుందని నమ్మకం. మధ్యలో తెగితే నన్ను చూసేవాడు, తెంపింది నేనే అయినట్టు. ఆ దారాలన్నీ ఉండ చుట్టి దాచేవాడు. ఖాళీ సంచుల్ని ఉతికి, అత్త చేత పరుపు గలీబులు, తలుపు తెరలు, నాకు వానలో కప్పుకోడానికి కొప్పెర కుట్టించాడు. మా ఇంట్లో ఏ మంచం మీద పడుకున్నా వీపు కింద నత్రజని ఎంత శాతమో రాసి ఉండేది. అంత ఎరువు మధ్య పెరిగి కూడా నేను ఈ పొడుగే ఆగిపోయానంటే, లోపం ఎరువులో లేదని ఒప్పుకోవాలి.

అలాంటి మావ ఓసారి విజయనగరంలో ఎవరో కంట్రాక్టరు ఇంట్లో పెళ్ళికి వెళ్ళొచ్చాడు. అక్కడ భోజనాలయ్యాక పెద్దమనుషుల్ని పచ్చిక మీద కుర్చీలేసి కూర్చోబెట్టి తాంబూలాలిచ్చారట. తిరిగొచ్చి, మా ఎర్రమట్టి వాకిట్లో నిలబడి చాలాసేపు నేలకేసి చూశాడు. 'ఊరందరి పొలాలూ మనెరువుతోనే పచ్చబడతన్నాయి. మన వాకిలి సూడు, ఎండిపోయిన రొయ్యలాగున్నాది' అన్నాడు. అత్త చేటలో బియ్యం ఏరుతూనే అందుకుంది. 'వాకిట్లో గడ్డి మొలిస్తే పాడుపడ్డ కొంప అంటారు. పొద్దున్నే కళ్ళాపి ఎక్కడ జల్లాల? ముగ్గెక్కడెయ్యాల? గడ్డిమీదెయ్యమంటావా?' ఆ మాటలో న్యాయం ఉంది. మా తరంలో వాకిట్లో గడ్డి పీకని ఇల్లాలికి పేరుండేది కాదు. చివరికి గేటు నుంచి గుమ్మం దాకా దారి వదిలి, దాని మీద అత్త ముగ్గు, అటూ ఇటూ మావ పచ్చిక అని రాజీ కుదిరింది. 

ఆ ఏడు ఇంట్లో ఇంకో సంగతి కూడా నడుస్తోంది. సత్యవతి మావ కూతురు. తనకి సంబంధం అనుకోవడం మొదలుపెట్టారు. బయటికి వెళ్ళక్కర్లేదు, ఇంట్లోనే ఇద్దరం బావలున్నాం. నాన్న వైపునుంచి మేనత్త కొడుకుని నేను. అమ్మ వైపునుంచి మేనమామ కొడుకు సూర్రావు, అంటే మా అత్తకి అన్నగారబ్బాయి. వాడు అప్పటికే వ్యవసాయం చదువుతున్నాడు. పరీక్షలకి చదువుకోమని శెలవిస్తే, హాస్టల్లో తిండి బాగోలేదని అత్త దగ్గరికి వచ్చి దిగాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చక్కగా పాపిడి. అత్త మనసు ఎటో చెప్పక్కర్లేదు. వాడి అంబలిలో మజ్జిగ చిక్కగా పడేది, నా దాంట్లో పొయ్యి మీది గాలి మాత్రమే తగిలేది. మావ మనసు మాత్రం ఎవరికీ తెలీదు. ఒకరోజు మమ్మల్నిద్దర్నీ వాకిట్లోకి పిలిచి, 'దారికి ఎడంపక్క అప్పన్నది, కుడిపక్క సూర్రావుది. ఉగాదికి సుట్టాలొస్తారు. ఎవుడు వాకిలి పచ్చగుంచితే ఆడే ఇల్లూ పచ్చగుంచుతాడు' అని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు వెనక సత్యవతి గాజుల చప్పుడైనట్టు నాకనిపించింది. నవ్విందో, నిట్టూర్చిందో అప్పుడు తెలీలేదు.

నాకు తెలిసిన సాగు ఒక్కటే, వరి. కాబట్టి పచ్చికనీ వరిలాగే వేశాను. చుట్టూ గట్టు పోసి, నూతినుంచి నీళ్ళు తోడి నింపి, మోకాళ్ళదాకా దిగి దమ్ము తొక్కాను. పశువుల సాలలో అప్పుడే తీసిన పచ్చి పేడ గెత్తం గంపలకొద్దీ పోశాను. పొలం గట్లమీద గరిక కోసుకొచ్చి, నారు కట్టలు కట్టి, వరసలు తప్పకుండా నాటాను. నాటేటప్పుడు పాట కూడా పాడాను. కొట్టుకొచ్చిన రైతులు గుమ్మంలో ఆగి, 'ఈ బాబు వాకిట్లో ఏ రకం ధాన్యం ఏస్తన్నాడు?' అని అడిగితే, మావ గంభీరంగా 'దేశవాళీ' అని చెప్పాడు.

సూర్రావు పద్ధతే వేరు. ముందు గునపం పెట్టి నేలంతా కుళ్ళగించి, తుంగ గడ్డల్ని వేరుశెనక్కాయల్లా ఏరి బయట పోసి ఎండబెట్టాడు. పెంటకుప్ప అడుగునుంచి, నల్లగా పొడైపోయిన పాత గెత్తం తీసి, అత్త పిండి జల్లెడ దొంగిలించి జల్లెడ పట్టాడు. నేను జల్లెడ ముట్టుకుంటే ఊరుకునే మనిషి కాదు అత్త. వాడు ముట్టుకుంటే 'సదువుకున్నోడికి ఒడుపుంటాది' అంది. తరవాత వాడు గరిక నాటకుండా ఉత్త మట్టికి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. నాకు పండగైపోయింది. 'ఒరే సూర్రావూ, ఏటి పెంచుతున్నావురా, బురదా?' అన్నాను. 'కలుపుని' అన్నాడు. 'కలుపునా! మా పక్కకి అది అడక్కుండానే వస్తాదిరా!' వాడు తలెత్తకుండా, 'అందుకే ముందే రమ్మంటన్నాను. మన్నులో ఉన్న గింజంతా మొలిసేక పీకేస్తే, గరిక్కి పోటీ ఉండదు' అన్నాడు. ఇలా పిలిచి, పీకి, మళ్ళీ పిలిచి, మళ్ళీ పీకి, అప్పుడు నాటాడు. వాడు నాటేసరికి నా పక్క పచ్చగా నిగనిగలాడుతోంది. 

ఆ కొద్ది రోజులూ నా జీవితంలో బంగారం. మావ పళ్ళపుల్ల నములుతూ పొద్దున్నే ఎడంపక్కకే వచ్చేవాడు. 'నీ సెయ్యి మంచిదిరా' అనేవాడు. నేను సత్యవతి వినేలా గొంతు పెంచి, 'సదువుకేటి మావా, పుస్తకంలో గడ్డి మొలుస్తాదా?' అనేవాణ్ణి. ఆమె వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండేది. ఆమె ఏ పక్కకి తిరిగి కూర్చుందన్నదే ఆ రోజుల్లో నా పంచాంగం. నా పక్కకి తిరిగితే శుభం. అటు తిరిగితే వర్జ్యం. చిక్కుడు తొక్కలు కుడిపక్క పడ్డ రోజున నాకు అన్నం దిగేది కాదు. తొక్కలు గాలికి అటు పోయుంటాయని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి, ఆకు కదలకపోయినా.

ఓ పొద్దున ఆమె మెట్టు దిగి వచ్చి, నా పచ్చికకేసి వంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 'బావా, నీ పచ్చిక పొట్టకొచ్చింది' అంది. చూద్దును కదా, నిజమే. అంతెత్తున లేచిందాంట్లో గరిక ఎక్కడో అడుగున నలిగిపోయి ఉంది. పైనున్నదంతా ఊద, వరిచేలో మొలిచే కలుపు. అక్కడక్కడా తుంగ. ఒక మూల నాలుగు చోడి మొక్కలు వేళ్ళు ముడుచుకుని బుద్ధిగా వెన్ను తీస్తున్నాయి. పశువులు ఏడాదంతా మేసిన గింజలన్నీ పచ్చి గెత్తంలో క్షేమంగా దిగి, నా దమ్ములో హాయిగా కాపురం పెట్టాయన్నమాట. కొట్టుకొచ్చిన ముసలి రైతొకాయన గట్టు మీద నిలబడి, మనస్ఫూర్తిగా, 'ఊద బాగా పండింది బాబూ, కోతకి మనుషుల్ని పంపమంటావా?' అన్నాడు. ఆయన వెటకారం చేశాడా, నిజంగానే అడిగాడా అన్నది ఈనాటికీ తేల్చుకోలేదు. 

ఉగాది దగ్గర పడింది. ఊద పీకితే దాంతోపాటు గరికా వచ్చేసి, నేల కుక్క కరిచినట్టు తయారైంది. పక్కన సూర్రావు పచ్చిక వేళ్ళు దించుకుని, పొట్టిగా, ఒత్తుగా, మధ్యలోకి ఒక్క పరాయి ఆకునైనా రానివ్వకుండా పాకుతోంది. నాకు కళ్ళు మండాయి. కొట్టు మనది, బస్తాలు మనవి, భయమేటి? మిట్టమధ్యాహ్నం, మావ భోంచేసి కునుకు తీస్తుండగా, యూరియా గంపలోకి తీసుకుని, వరిచేలో జల్లినట్టే చెయ్యి బారుగా తిప్పుతూ నా పక్కంతా జల్లేశాను. నీళ్ళు పెట్టాలన్న ఆలోచన రాలేదు. వరిచేలో అయితే కింద నీళ్ళుంటాయి కదా, అలవాటు. రెండు పూటలు గడిచేసరికి ఎడంపక్కంతా మాడింది. అదీ ఒక వరసలో కాదు. నా చెయ్యి ఎలా తిరిగిందో అలాగే అర్ధచంద్రాకారాలుగా మాడింది. ఎవరు చేశారని ఎవరూ అడగక్కర్లేకుండా, నా చేతివాటం నేల మీద గీసినట్టు పడింది.

ఉగాదినాడు చుట్టాలొచ్చారు. మావ కుర్చీలన్నీ కుడిపక్క వేయించాడు. వేప్పువ్వు పచ్చడి గిన్నెలు పంచుతూ సత్యవతి మొదటి గిన్నె సూర్రావుకే ఇచ్చింది. నాకు చివరగా ఇచ్చింది. నా గిన్నెలో వేప్పువ్వు ఎక్కువ పడిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. సూర్రావు వాళ్ళ నాన్న పచ్చిక మీద అరచెయ్యి ఆనించి, 'మావాడు సేసిందే!' అంటుంటే, అత్త మొహం చూడాలి. నేను మాడిన అర్ధచంద్రాల మధ్య నిలబడి అందరికీ మంచినీళ్ళందించాను. చుట్టాలు వెళ్ళాక మావ నా పక్కకి వచ్చి, కాలితో ఓ మాడిన దుబ్బు కదిపి, 'ఎరువుకి గడ్డీ కలుపూ ఒకటేరా అప్పన్నా. తేడా ఎరువెట్టినోడికి తెలాల' అన్నాడు. తిట్టుంటే బాగుండేది. మావ తిట్టలేదంటే, నా మీద ఆశ వదిలేసినట్టే అనుకుని, ఆ మర్నాడే సంచి సర్దుకుని మా ఊరొచ్చేశాను.

తరవాత జరిగింది నాకే అర్థం కాలేదు. కోతల టైముకి సూర్రావుకి కళింగపట్నం దగ్గర వేరే సంబంధం కుదిరిందని కబురొచ్చింది. ఆ వెనకే మావ మా ఇంటికొచ్చి, అమ్మతో మాట్లాడి, ముహూర్తం పెట్టించి వెళ్ళాడు. నేను ఎందుకని అడగలేదు. అడిగితే మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. మేలురకం అమ్ముడైపోయింది కాబట్టి, కొట్లో మిగిలిన బస్తాని అంటగట్టేశారు అని నా లెక్క. సత్యవతినీ అడగలేదు. పెళ్ళై పిల్లలు పుట్టి, వాళ్ళ పెళ్ళిళ్ళయ్యి, మేం విజయనగరంలో స్థిరపడ్డాక కూడా, సూర్రావు నుంచి ఫోనొచ్చి ఆమె 'బావా' అన్నప్పుడల్లా నేను లేచి మంచినీళ్ళు తాగేవాణ్ణి.

ఇప్పుడు పచ్చిక అంత కష్టం కాదట. కడియం నర్సరీల నుంచి చాపల్లా చుట్టి లారీలో పంపిస్తారట. నేల మీద పరిచేస్తే మధ్యాహ్నానికి పచ్చిక. కలుపుకి మందు జల్లితే పేరు తెలీకుండానే చచ్చిపోతుంది. మాకు కనీసం మా శత్రువుల పేర్లు తెలుసు, ఊద, తుంగ, పల్లేరు అని పిలిచి మరీ తిట్టేవాళ్ళం. ఇప్పుడు మా వీధిలో వాకిలే లేదు, కళ్ళాపి లేదు, ముగ్గు స్టిక్కరు. మావ కొట్టున్న చోట సెల్‌ఫోన్లమ్ముతున్నారు. అక్కడికి వెళ్తే ఏ వాసనా రాదు. కానీ సూర్రావు మాత్రం చాపలు తెప్పించలేదు. ఇంత వయసులోనూ వాడు అదే పద్ధతి. శివరాత్రి వెళ్ళగానే ముందు కలుపుని మొలవనిచ్చి, పూత పట్టకముందే చేత్తో తీసి, ఆ తరవాత ఎరువు కొద్దికొద్దిగా, అదీ సాయంత్రం పూట, వెంటనే నీళ్ళు. గడ్డి మరీ పొట్టిగా కోయడు, కింద నీడుంటే కలుపు గింజ లేవదంటాడు. ఆరోజు వాడు ఇవన్నీ నాకు చెప్తుంటే సత్యవతి పచ్చిక మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, అరచేత్తో దాన్ని నిమురుతోంది. నా చేతిని అలా ఎప్పుడైనా నిమిరిందా అని గుర్తు చేసుకున్నాను. జ్వరమొచ్చినప్పుడు నిమిరింది. కానీ అది వేడి చూడ్డానికి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నేను ఊరికే ఉండలేకపోయాను. 'ఎంత మెత్తగున్నాదో అన్నావు' అన్నాను. 'అన్నాను. మెత్తగున్నాది కాబట్టన్నాను' అంది. 'మీ నాన్న ఆరోజు సరిగ్గా చూసుంటే, ఈపాటికి ఆ పచ్చిక మీద నువ్వే కాఫీ తాగీదానివి. ఆడికి వేరే సంబంధం కుదరబట్టి గాని...' అన్నాను. ఆమె కిటికీనుంచి మొహం ఇటు తిప్పింది. 'ఆళ్ళు వేరే సంబంధం ఎందుకు సూసుకున్నారో నీకు తెలీదేటి?' అంది. 'తెలీదు.' 'ఉగాది నాటి సాయంత్రం నాన్న నన్నడిగేడు. సూర్రావు బావని నాను సేసుకోనన్నాను. అమ్మ మూడ్రోజులు నాతో మాటాడనేదు. నువ్వేమో మర్నాడే సంచి సర్దుకుని పారిపోనావు.'

బస్సు చిలకపాలెం దగ్గర ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. ఇన్నేళ్ళ ఏడుపుని ఒక్కసారిగా ఎక్కడ దించుకోవాలో తెలీలేదు. దించుకోడానికి మనసు కూడా ఒప్పలేదు. అలవాటైపోయిన బరువు కదా. అంచేత నమ్మకం కుదరక, మళ్ళీ అడిగాను: 'నిజం సెప్పు. నాది మాడిపోయింది. పక్కన ఆడి పచ్చిక అంత నవనవలాడతంటే కళ్ళారా సూసి కూడా, ఆణ్ణి వద్దన్నావా?'

సత్యవతి నన్ను నెత్తినుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, బస్సంతా వినపడేలా అంది:

'గడ్డి సూసి ఎనకాల పోడానికి నానేటి గేదెనేటయ్యా?'